వెళ్ళొస్తానని చెప్పకూడని గది

మా వదిన చాముండేశ్వరి ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మా పుట్టింటి వైపు నోరున్నదాన్ని నేనే. ఆ సంగతి సిడ్నీ శివార్లలో, ద పాండ్స్‌లో, మా వీధి మొత్తానికి తెలుసు. అలాంటిది ఆవిడ నోటి నుంచి జారిన ఒక్క మాట మా రెండిళ్ళనీ ఇంత అల్లాడించిందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రోజంతా మాటలు పారబోసుకునేదాన్ని నేనిక్కడ ఉండగా ఆవిడకా ఈ ఖర్మ!

వరసలు ముందే చెప్పేస్తాను. నా పేరు శ్యామసుందరి. మా అన్నయ్య శేషాచలం. ఆయన భార్య చాముండేశ్వరి. వయసులో నాకంటే ఏడాది చిన్న, అయినా వరస వరసే కనక ముప్ఫై ఆరేళ్ళుగా వదినా అనే పిలుస్తున్నాను. రేపల్లెలో హైస్కూలు పిల్లలకి సోషల్ చెప్పేది. అన్నయ్యకి ఇక్కడ బ్యాంకులో ఉద్యోగం వచ్చి సిడ్నీ చేరాక ఆవిడ బి.ఎడ్.ని అడిగినవాడు లేడు. కొన్నాళ్ళు బేకరీలో బన్నులు సంచుల్లో వేసింది, కొన్నాళ్ళు చైల్డ్‌కేర్‌లో పిల్లల ముక్కులు తుడిచింది. తొమ్మిదేళ్ళ కిందట నగరంలో ఒక మ్యూజియంలో గ్యాలరీ అటెండెంట్‌గా చేరింది. నల్ల ప్యాంటు, నల్ల చొక్కా, మెడలో కార్డు. పనల్లా నిలబడటం. ముట్టుకోకండి, ఫ్లాష్ వెయ్యకండి, టాయిలెట్లు ఎడమ పక్కన. ఇంతే సంభాషణ.

"దిష్టిబొమ్మ ఉద్యోగం వదినా నీది" అనేదాన్ని.

"ఏదో ఒకటిలే శ్యామా. కాకులైనా రాకుండా ఉంటయ్యి" అని నవ్వేది.

కానీ ఆవిడకి ఆ పని ప్రాణం. క్లాసులో పుస్తకం చూసి చెప్పినవన్నీ ఇక్కడ అద్దాల వెనక కనిపిస్తుంటే ఎనిమిది గంటలు నిలబడ్డా కాళ్ళనొప్పి తెలియదనేది. సాయంత్రం ఐదింటికి మూసేటప్పుడు తన గది ఒకసారి తిరిగి చూసి, లైట్లు తీసి, తలుపు దగ్గర "వెళ్ళొస్తా" అని చెప్పి బయటికొచ్చేది. ఎవరికి చెప్పేదో ఆవిడకే తెలియదు. మనం ఇంట్లోంచి కదిలితే ఎవరున్నా లేకపోయినా ఆ మాట అనేసి కదులుతాం కదా, అలాగే. మ్యూజియంలో ఏ గదిలో డ్యూటీ పడితే ఆ గదికి తొమ్మిదేళ్ళూ చెప్పింది.

ఇక్కడ ఒక్క సంగతి. మనవాళ్ళం "వెళ్తా" అనం, "వెళ్ళొస్తా" అంటాం. అలా అనకూడని చోటు ఒక్కటే ఉంది, చావిల్లు. పలకరించడానికి వెళ్ళినవాళ్ళు లేచి, మాటామంతీ లేకుండా తలొంచుకుని బయటికి నడవాలి. మా ఆయన రామానుజం పోయినప్పుడు మా అబ్బాయి ఆఫీసు కుర్రాళ్ళు వచ్చారు. అందులో ఒకడు వెళ్తూ నాకు నమస్కారం పెట్టి, "వెళ్ళొస్తాం ఆంటీ" అన్నాడు. హాల్లో పదిహేనుమంది గుండెలు గుభేలుమన్నాయి. పాపం వాడికేం తెలుసు! మా వదిన మాత్రం చటుక్కున లేచి వాడి భుజం పట్టి, "రానక్కర్లేదు నాయనా, మేమే వస్తాం మీ ఇంటికి" అని ఆ మాట తుడిచేసి పంపింది. ఇలాంటివి ఆవిడకి అంత పట్టింపు.

పోయిన జూన్‌లో ఆ మ్యూజియానికి విదేశాల నుంచి ఒక ప్రదర్శన వచ్చింది. పాతకాలపు గ్రీకులు, రోమన్లు చచ్చిపోయినవాళ్ళ లోకాన్ని ఎలా బొమ్మలు గీశారో, ఎలా చెక్కారో చూపించేది. ఆరు వారాలు. మా వదినకి ఆ గదిలోనే డ్యూటీ. మొదటిరోజు సాయంత్రం ఆరున్నరకి నేను వంటింట్లో పెసరట్టు తిప్పుతుంటే బయట పచ్చిక మీద నుంచి పిలుపు.

"శ్యామా! ఆ హోస్ పైపు ఇటివ్వు. కాళ్ళు కడుక్కోవాలి."

ఇక్కడ జూన్ అంటే ఒణికించే చలి. నల్ల ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నిలబడి ఉంది.

"అయ్యో రామా, ఎవరు పోయారు వదినా?"

"ఎవరూ పోలా. నీళ్ళు పొయ్యి ముందు."

నేను నీళ్ళు పడుతుంటే కుక్కని తిప్పుకుంటూ పోతున్న పెద్దమనిషి ఆగి, "యూ రైట్ దేర్, లేడీస్?" అని క్షేమం అడిగాడు. ఎక్సర్‌సైజ్ అని చెప్పాను. ఇంకేం చెప్పను! వాడు తలూపి, కుక్కని లాక్కుని పోయాడు.

లోపలికొచ్చి కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని చెప్పింది. అలవాటు చొప్పున సాయంత్రం లైట్లు తీసి, "వెళ్ళొస్తా" అందట. పక్కనే ఉంది ఆవిడతో పనిచేసే స్టావ్రూలా. గ్రీకు మనిషి, ఇక్కడే పుట్టి పెరిగింది. ఏమన్నావని అడిగిందట. మళ్ళీ వస్తానని చెప్పానంది మా వదిన. స్టావ్రూలా ముఖం అదోలా పెట్టి, "చాముండీ, ఈ గదిలో బతికున్నవాళ్ళ కోసం చేసిన వస్తువు ఒక్కటి కూడా లేదు. అన్నీ సమాధుల్లోంచి తీసినవే" అందట.

"చావింటికి వెళ్ళొస్తానని చెప్పొచ్చానే! ఒక చావు కాదు, నలభై చావులు. మీ అన్నయ్యని ఆ స్థితిలో ఇంట్లో పెట్టుకుని."

మా అన్నయ్యకి గుండెలో వాల్వు పాడైంది. జూలై రెండోవారంలో ఆపరేషన్ అని రాసిచ్చారు. అందుకే ఆ కాళ్ళతో సొంత గుమ్మం తొక్కకుండా నేరుగా నా దగ్గరికొచ్చింది. నా గుమ్మం అయితే పర్వాలేదు కాబోలు! నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

"కుండలకి చెప్పిన మాటకి లెక్కేంటి వదినా? చాదస్తం కాకపోతే!"

"కుండలకి చెప్పలేదు. ఆవిడకి చెప్పా."

ఎవరావిడ అంటే అప్పుడు చెప్పింది. గది చివర చిన్న అద్దాల పెట్టెలో తెల్ల నూనె కూజాలు రెండున్నాయి. జానెడున్నర ఎత్తు. సమాధి దగ్గర పెట్టేవారట. తెల్లటి పూత మీద సన్నటి గీతల్తో బొమ్మలు. మొదటి కూజా మీద ఒకావిడ తన సమాధి మెట్టు మీద తానే కూర్చుని ఉంటుంది. ఎప్పుడో వేసిన రంగులు రెండువేల నాలుగొందల ఏళ్ళలో ఎగిరిపోయాయి. చీరలాంటిదేదో ఉండేదట, అది పోయింది. భుజం పోయింది. ముఖం, జుట్టు ముడి, ముందుకు చాచిన ఒక చెయ్యి మిగిలాయి. ఆవిడ చుట్టూ రెక్కలున్న చిన్న చిన్న మనుషులు ఎగురుతుంటారు, వాన వెలిశాక దీపం చుట్టూ ఉసిళ్ళు మూగినట్టు. అవి చచ్చిపోయినవాళ్ళ ప్రాణాలట. రెండో కూజా మీద రెల్లు పొదలు, పడవ, గెడ పట్టుకున్న పడవవాడు. అతని పక్కన రెక్కల చెప్పులవాడొకడు, ప్రాణాల్ని రేవుదాకా తీసుకొచ్చి అప్పజెప్పేవాడు.

"యమదూత" అన్నాను.

"కాదే. మనవాళ్ళలాగా పాశం వేసి ఈడ్చడు. పక్కనున్న చచ్చిపోయినావిడ మణికట్టు పట్టుకుంటాడు, పెళ్ళిలో పట్టుకున్నట్టు. ఎంత మర్యాదగా పట్టుకుంటాడో చూస్తే భయమేస్తుంది" అంది.

మర్నాటి నుంచి మా వదిన పని సంకటంలో పడింది. మానేస్తే చావింటికి ఇచ్చిన మాట తప్పినట్టు. వెళ్తే మాట నిలబెట్టుకుని ఆ ఇంటికి రాకపోకలు పెట్టుకున్నట్టు. సాయంత్రం వెళ్ళొస్తా అంటే మళ్ళీ బాకీ. అనకుండా వస్తే అది చావిల్లేనని తన నోటితో ఒప్పుకున్నట్టు. ఏమీ పాలుపోక, రోజూ వెళ్ళి, సాయంత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి నడుస్తూ బయటికొచ్చేది. వాళ్ళమ్మాయి భానుశ్రీ, యూనివర్సిటీలో లా చదువుతోంది, ఇదంతా విని, "మమ్, ఇట్స్ లిటరల్లీ అ పాట్" అంది, ఉత్త కుండేనని. నేను గట్టిగా సమర్థించాను. ఆ రోజుల్లో నేను కూడా అంత తెలివైనదాన్నే.

తర్వాత లెక్క మొదలైంది.

మొదటిరోజు పొద్దున, ఇంకా జనం రాకముందు, మా వదిన ఆ ఉసిళ్ళలాంటి ప్రాణాల్ని లెక్కపెట్టిందట. ఏడు. పక్కన అతికించిన వివరంలో కూడా ఏడని రాసి ఉంది. రెండోరోజు ఎనిమిది. ఆ ఎనిమిదోది కూర్చున్నావిడ చాచిన చేతికి దగ్గరగా, తల ఇటు తిప్పి ఉందట. స్టావ్రూలాని పిలిచి చూపిస్తే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టి, ఏడేనని ఒకసారి, ఉండు అని మళ్ళీ లెక్కపెట్టి కాఫీకి వెళ్ళిపోయిందట. ఆ కూజాలు బాగుచేసే పెద్ద నిపుణురాలు వచ్చి, పూత అంత వెలిసిపోయాక వెలుగు పడే తీరుని బట్టి గీతలు కనపడతాయి, మాయమవుతాయి, అని ధైర్యం చెప్పింది. ఆ కూజాలోపల ఒక చిన్న దొంగ గిన్నె ఉందని కూడా చెప్పిందట. పైకి నిండుగా కనపడాలని, లోపల మాత్రం చెంచాడు నూనె పట్టేలా చేసేవారు కొందరు. ఇది విని నేను పగలబడి నవ్వాను. చచ్చినవాళ్ళ దగ్గర కూడా కల్తీయేనా!

నా నవ్వు మరుసటి ఆదివారం ఆగిపోయింది. అన్నయ్యని చూడ్డానికి వెళ్ళాను. సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. బాగా నీరసించిపోయాడు. వదిన స్నానానికి వెళ్ళగానే నన్ను దగ్గరికి పిలిచాడు.

"శ్యామా, మీ వదిన మ్యూజియం నుంచి వచ్చినప్పుడల్లా నూనె వాసనొస్తోందే. తల నూనె కాదు. పూలేసి కాచినట్టు... చిన్నప్పుడు నాన్న పోయినప్పుడు వచ్చింది చూడు, ఆ వాసన."

"వంట నూనె అయ్యుంటుందిలే అన్నయ్యా."

"కాదే. నాకు తెలవదా?"

మా వదిన ఆ కూజాల గురించి ఆయనకి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. గుండె జబ్బు మనిషికి ఎలా చెబుతుంది? నేను లేచి కిటికీలు తెరిచాను. ఇంటికొస్తూ నా చీర కొంగు వాసన చూసుకున్నాను. సిగ్గుచేటు, అరవై ఒక్కేళ్ళదాన్ని, ఫుట్‌పాత్ మీద ఆగి మరీ.

ఆపరేషన్ రోజు పొద్దున ఏడింటికే ఆస్పత్రికి చేరాం. స్ట్రెచర్ మీద అన్నయ్యని తీసుకెళ్తుంటే ఒక మగ నర్సు ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ నడిచాడు. ఎంతో నెమ్మదస్తుడు. నవ్వుతూ మర్యాదగా పట్టుకున్నాడు. అది చూసి మా వదిన గోడకి చేరబడిపోయింది. నేను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. భానుశ్రీ నీళ్ళు తెచ్చింది.

"శ్యామా, నేను చేసిన పనే ఇది. నా నోటితో పిలిచి తెచ్చుకున్నా" అంది. ఏడుపు లేదు, కేక లేదు. ఆపరేషన్ ఐదు గంటలు పడుతుందన్నారు. అన్నయ్య పోతే ఈవిడ కూడా ఉండదని నాకు ఆ నిమిషంలో తెలిసిపోయింది. ఇద్దరినీ ఒకేసారి పోగొట్టుకుని నేనేం చెయ్యాలి? నాకు వాళ్ళు తప్ప పుట్టిల్లెక్కడుంది?

టిఫిన్ తెస్తానని చెప్పి బయటపడి రైలెక్కాను.

తొమ్మిదేళ్ళలో ఆ మ్యూజియం గడప తొక్కడం అదే మొదలు. ఆ గదిలో చీకటి ఎక్కువ. పాత రంగులకి వెలుతురు పడదని దీపాలు తగ్గించి పెడతారట. ఎదురుగా నా ఎత్తున్న నల్ల కూజా. దాని మీద ఎర్రటి రంగులో స్తంభాల మేడ, మేడలో రాజదండం పట్టుకుని కూర్చున్న పాతాళం రాజు, ఎదురుగా దివిటీ పట్టుకున్న రాణి. మేడ చుట్టూ శిక్షలు. ఒకడు బండ దొర్లిస్తున్నాడు. ఆడవాళ్ళు వరసగా కడవలు మోస్తున్నారు, అడుగులేని తొట్టిలో నీళ్ళు పొయ్యడానికి. మూడు తలల కుక్క. వాళ్ళెవరూ నన్ను పట్టించుకోలేదు. పక్కన రోమన్ల పాలరాతి శవపేటిక. దాని మీద అదే రాజు ఒక పిల్లని రథంలో ఎత్తుకుపోతుంటే పూలసజ్జ బోర్లాపడి ఉంది. ఆ పిల్ల నోరు తెరిచి ఉంది. ఇన్నేళ్ళుగా ఆ కేక అక్కడే ఉంది, ఒక్కరూ వినలేదు. నాకు ఆ శిల్పిని పట్టుకుని రెండు వాయించాలనిపించింది.

చివర తెల్ల కూజాలు. స్టావ్రూలా అక్కడే నిలబడి ఉంది. మెడలో కార్డు చూసి గుర్తుపట్టాను. నేను మా వదిన పేరు చెప్పగానే రెండడుగులు పక్కకి జరిగి చోటిచ్చింది.

లెక్కపెట్టాను. ఎనిమిది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టాను, ఎనిమిది. ఆ ఎనిమిదోది మా వదిన చెప్పిన చోట లేదు. చేతికి దగ్గరగా కాదు, అరచేతి మీదే ఉంది. కూర్చున్నావిడ దాన్ని చూడటం లేదు, నన్ను చూస్తోంది. బొమ్మ ముఖం పక్కకే గీశారు, నాకు తెలుసు. అయినా నన్నే చూస్తోంది. పూలేసి కాచిన నూనె వాసన గుప్పుమంది. పిల్లప్పుడు నాన్న శవం పక్కన కూర్చోబెట్టిన రోజు మొత్తం ముక్కులోకి వచ్చేసింది. నాకు భయం వేసింది. భయమేస్తే నాకు కోపమొస్తుంది.

"ఇదిగో అమ్మా" అన్నాను గట్టిగా, తెలుగులోనే. "మా వదిన తెలియక అన్న మాట అది. అలవాటు మాట. దాన్ని పట్టుకుని మా అన్నయ్య జోలికొస్తావా? నీకు మాటే కావాలి కదా, ఎవరిదైతే ఏం? ఆ మాట నేను తీసుకుంటున్నా. వాళ్ళ గోత్రం వేరు, నా గోత్రం వేరు. పెళ్ళితో నాది మారింది. ఇక ఆ ఇంటికీ నీకూ ఏమీ లేదు. నేనే వస్తా."

ఊరికే నేనంటే ఎవరని తెలుస్తుంది? మనకి ఏ మొక్కైనా, ఏ పూజైనా గోత్రం, పేరు చెప్తేనే కదా చెల్లేది. చేతులు జోడించాను. రోజూ పొద్దున దీపం పెట్టి చెప్పుకునే సంకల్పం నా నోట్లోంచి గడగడా వచ్చేసింది. హరితస గోత్రం, శ్యామసుందరి పేరు, అన్నీ. చివర "వెళ్ళొస్తా" అని కూడా అన్నాను, కావాలనే. వెనక్కి తిరిగి చూడలేదు. స్టావ్రూలా నా వెంట తలుపుదాకా వచ్చింది. "ఆవిడకి ఏం చెప్పారు?" అని అడిగింది ఇంగ్లీషులో. నా పేరు చెప్పానన్నాను. ఆవిడ మూడు వేళ్ళతో గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

రైల్లో ఉండగా భానుశ్రీ ఫోను. "అత్తా! హి ఈజ్ ఔట్! ఆల్ గుడ్! డాక్టర్ సెడ్ పర్ఫెక్ట్!" పక్కన మా వదిన ఏడుపు వినపడుతోంది. నేను కూడా బోరున ఏడ్చాను. ఎదురు సీట్లో అమ్మాయి టిష్యూ ఇచ్చింది. నేను గెలిచాననుకున్నాను. ఎంత గర్వం వచ్చిందో చెప్పలేను. నోరుంటే బతకొచ్చు అనుకుంటూ, అక్కడ నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటే మళ్ళీ తలుచుకుని మురిసిపోయాను. హరితస గోత్రవతీ... శ్యామసుందరీ నామధేయవతీ... అస్మాకం...

అస్మాకం సహకుటుంబానాం.

రోజూ అనే మాట. గుడిలో పూజారి అనే మాట. మా అందరికీ, ఇంటిల్లిపాదికీ అని. ఎన్ని వేలసార్లు అన్నానో. మా అబ్బాయి మల్లికార్జున, కోడలు స్నేహ, ఐదేళ్ళ మనవరాలు అమ్ములు బాగుండాలని అనే మాట. అక్కడ, ఆ చేతి ముందు నిలబడి అనేశాను. నా ఒక్కదాని పేరు ఇవ్వడానికి వెళ్ళి ఇల్లు మొత్తాన్ని ఇచ్చొచ్చాను. మా వదినది అలవాటు మాట అని ఎద్దేవా చేసిన నోటితోనే. ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. టిఫిన్ కొనడం మర్చిపోయి ఉత్త చేతుల్తో ఆస్పత్రికి వెళ్ళాను.

నేను ఎవరికీ చెప్పలేదు. నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కుండలే కదా, వెలుగు పడే తీరే కదా, నిపుణురాలు చెప్పిందే కదా. మర్నాడే వెళ్ళి దిద్దుకొద్దామనుకున్నాను. వెళ్ళలేదు. భయపడ్డాను, దాపరికమెందుకు! ఆ వాసన మళ్ళీ పీల్చలేననిపించింది. ఆ ఆదివారం ప్రదర్శన ముగిసింది. అన్నయ్య కోలుకుంటున్నాడు కనక మా వదిన చివరిరోజు డ్యూటీకి వెళ్ళింది. సాయంత్రం నేరుగా మా ఇంటికొచ్చింది. కాళ్ళు కడుక్కోలేదు. ముఖం కళకళలాడుతోంది.

"శ్యామా, ఏడే! ఎనిమిదోది లేదు. స్టావ్రూలా కూడా చూసింది. పొద్దున్నుంచి పదిసార్లు లెక్కపెట్టా."

"మంచిదేగా వదినా" అన్నాను.

"ఇంకోటి చెప్పనా? పక్క కూజా ఉంది చూడు, పడవది. దాని మీద రెక్కల ప్రాణం ఒక్కటి కూడా లేదనుకున్నా ఇన్నాళ్ళూ. ఇవాళ చూస్తే రెల్లు పొదల పక్కన, పడవ అంచు మీద, నాలుగున్నయ్యి. ఎంత సన్నగా గీశాడో! ముగ్గురు పెద్దవాళ్ళు, ఒకటి బాగా చిన్నది. ఆరు వారాలు దాని పక్కనే నిలబడి నేను కళ్ళు పెట్టి చూడలేదు చూడు."

హాల్లో మల్లికార్జున, స్నేహ ఏదో సిరీస్ చూస్తున్నారు. అమ్ములు వాళ్ళ మధ్య పడుకుని దగ్గుతోంది. చలికాలం దగ్గు. డే కేర్‌లో పిల్లలందరికీ ఉంది. నేను కాఫీ గ్లాసు కింద పెట్టి, ఆ కూజాలు ఇప్పుడెక్కడికి పోతాయని అడిగాను.

"రేపు పెట్టెల్లో సర్దేస్తారుగా. పెర్త్‌కి. వచ్చే నెల పదకొండు నుంచి అక్కడ. ఏం, నీకెందుకు ఉన్నట్టుండి?"

"ఊరికే" అన్నాను.

ఎన్నో ఆలోచించాను. దిద్దుబాటు చేసేవాళ్ళెవరని మన పూజారి గారిని అడిగితే నవ్వుతారు. కొడుక్కి చెబితే డాక్టరుకి చూపిస్తాడు. మా వదినకి చెబితే ఆ మాట మళ్ళీ తన నెత్తిన వేసుకుంటుంది, ఆ మనిషి సంగతి నాకు తెలియదా? నేనే వెళ్ళాలి. ఆ కూజా మీది ఆవిడ ముందు నిలబడి, సంస్కృతం ముక్క ఒక్కటి లేకుండా, నా నోటికొచ్చిన తెలుగులో చెప్పాలి. నేనొక్కదాన్నేనమ్మా, వాళ్ళు కారు, నా నోటి దురద వల్ల వచ్చింది, వాళ్ళ ముగ్గురినీ దింపెయ్యి అని. ఆవిడ వింటే తర్వాత నా సంగతి ఆవిడిష్టం. చావంటే నాకు చాలా భయం. మా ఆయన ధైర్యంగా పోయాడు. నాకా ధైర్యం లేదు. అయినా వెళ్తున్నాను.

పెర్త్‌లో కానింగ్ వేల్‌లో నా చిన్నప్పటి స్నేహితురాలుంది. పాతికేళ్ళయింది చూసి, ఒకసారి చూసొస్తానని ఇంట్లో చెప్పాను. మల్లికార్జున సంబరపడ్డాడు. అమ్మ తనంతట తను కదులుతానంటే వాడికి పండగ. నిన్న సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ తెరిచి టికెట్లు చూస్తున్నాడు. అమ్ములు నా ఒళ్ళో కూర్చుని ఉంది. దగ్గు తగ్గింది, ఒళ్ళు మాత్రం కొంచెం వెచ్చగా ఉంది.

"పదకొండో తేదీ మార్నింగ్ ఫ్లైట్ ఉందమ్మా. రిటర్న్ ఎప్పటికి పెట్టమంటావు?"

"అక్కడికెళ్ళాక చెప్తాలేరా."

"అదేంటి, రెండూ కలిపి తీసుకుంటే ఈజీ కదా."

"చెప్తానన్నానా!"

వాడు ఆశ్చర్యంగా చూశాడు. అమ్ములు తల వెనక్కి వంచి నా ముఖంలోకి చూసింది. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు అది.

"నానమ్మా, కెన్ ఐ కమ్ విత్ యూ?"

"వద్దు!" అని అరిచాను. ఇల్లు దద్దరిల్లేలా అరిచాను. "నువ్వు రాకూడదు! నోరు ముయ్యి!"

పుట్టిన దగ్గర్నుంచి దాన్ని ఒక్క మాట అన్నదాన్ని కాదు. పిల్ల బెదిరిపోయి ఒళ్ళోంచి జారి, వెక్కుతూ వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తింది. స్నేహ దాన్ని ఎత్తుకుని, ఏమైంది అత్తయ్యా అంది. నేను లాప్‌టాప్ తెర వైపు తిరిగాను. మల్లికార్జున టైపు చెయ్యడం ఆపి నా వైపే చూస్తున్నాడు.

"ఎంతమందికి అని అడుగుతోందా అది?" అన్నాను.

"ఆఁ. పాసింజర్స్ ఎంతమంది అని."

"ఒక్కళ్ళకే పెట్టు" అన్నాను. "బాగా చూసి పెట్టరా నాన్నా. ఒక్కళ్ళకే."